హానా తీరంలో ఇల్లు కొనదలచిన సోదరునికి

రెండు నెలల క్రితం మన పత్రికకు కాలిఫోర్నియా నుండి ఒక ఉత్తరం వచ్చినది. వ్రాసినవారు మన మారిషస్ బిడ్డ. చదువు కోసం వెళ్ళి అక్కడే స్థిరపడి, అమెరికా పౌరుడై, ఇప్పుడు ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డారు. "అయ్యా, ముసలితనంలో నాకు చలి పడడం లేదు. సముద్రం ఒడ్డున, కొబ్బరిచెట్ల నీడన, మన ఊరు వంటి ఊరిలో శేషజీవితం గడపాలని నాకూ మా ఆవిడకూ ఆశ. హవాయి రాష్ట్రంలో మావీ ద్వీపాన హానా అనే పల్లె చూశాము. దిగగానే చిన్నప్పటి సుయాక్ గుర్తుకు వచ్చి కళ్ళు చెమర్చినవి. మారిషస్‌లో ఉన్న మా తమ్ముడు కూడా కొంత సొమ్ము కలుపుతానంటున్నాడు. అక్కడ ఇల్లు కొనవచ్చునా? మీకు తెలిసినంత వ్రాయండి" అని ఆయన అడిగారు.

ఇటువంటి ప్రశ్న ఇది మొదటిది కాదు. అమెరికాలో, కెనడాలో స్థిరపడిన మన పిల్లలు ఒక వయసు వచ్చేసరికి మళ్ళీ సముద్రాన్ని వెతుక్కుంటున్నారు. అందువలన ఆ సోదరునికి విడిగా జవాబు వ్రాయక, అందరికీ పనికివచ్చేటట్లు ఇక్కడే వ్రాస్తున్నాము. మేము న్యాయవాదులము కాము. నిరుడు మేమే హానాలో నాలుగు రోజులు ఉండి వచ్చాము. రాకముందూ వచ్చిన తరువాతా కొంత చదివాము. ఆ రెంటినీ కలిపి చెబుతున్నాము.

ముందు ఆ నేల కథ తెలియాలి. హవాయి కూడా మన మారిషస్ వలె చెరకు తోటల దేశమే. మొదటి వ్యాపారపు చెరకు తోట 1835లో కవాయి ద్వీపంలో కోలోవా వద్ద మొదలైనది. మన పెద్దలు కోరంగి రేవు నుండి ఓడ లెక్కిన కాలానికి అది దగ్గరే. మన గిర్మిటి ఓడలు అటు వెళ్ళలేదు. అక్కడికి 1852లో చైనావారు, 1868లోను మళ్ళీ 1885 నుండి పెద్ద సంఖ్యలోను జపానువారు, 1878 నుండి పోర్చుగీసువారు, 1900లో ప్యూర్టోరికో వారు, 1903లో కొరియావారు, 1906 నుండి ఫిలిప్పీన్స్ వారు వెళ్ళారు. మనుషులు వేరు, ఒప్పందం ఒకటే. 1850 నాటి యజమాని-సేవకుల చట్టం ప్రకారం తోట విడిచి పారిపోయినవాడికి జైలు. మన దేశంలో 'వాగాబాండ్' అని పట్టుకొని లోపల వేసిన చట్టాలు గుర్తున్న వారికి ఇది కొత్తగా తోచదు. అమెరికా ఆ ద్వీపాలను కలుపుకొన్న తరువాత 1900లో ఆ ఒప్పందాలు రద్దయినవి. అయినా తోట ఇల్లు, తోట దుకాణం, తోట అప్పు చాలా కాలం సాగినవి. 1946లో కార్మికులు 79 రోజులు సమ్మె చేసిన తరువాతనే, ఇల్లూ వంటచెరకూ యజమాని దయగా ఇచ్చే పద్ధతి పోయి జీతం డబ్బుగా చేతికి వచ్చినది. ఆఖరి తోట, మావీ ద్వీపంలో పూనేనే వద్దనున్నది, 2016 చివరిలో మూతపడినది. నేడు హవాయిలో చెరకు మిల్లు లేదు.

హానా ఆ కథలో ఒక చిన్న అధ్యాయం. అక్కడ 1849లో జార్జ్ విల్ఫాంగ్ అనే ఓడ మనిషి, తిమింగలం కొవ్వు మరిగించే ఇనుప గంగాళాలలో చెరకురసం కాచి పని మొదలుపెట్టాడని చెబుతారు. వందేళ్ళ లోపే తోటలు పోయినవి. పాల్ ఫేగన్ అనే ధనవంతుడు ఆ నేల కొని, చెరకు తీసివేసి పశువులను దించాడు. 1946లో ఒక హోటలు తెరిచాడు. కూలీలు కొందరు పశువుల కాపరులైరి, కొందరు హోటలు పనివారైరి, చాలామంది ద్వీపం అవతలి వైపుకు పోయినారు. ఇప్పుడు ఊరిలో సుమారు పదిహేను వందల మంది ఉంటారు. వారిలో హవాయి మూలవాసుల రక్తం ఉన్నవారే ఎక్కువ. 1838లో కట్టడం మొదలైన రాతి చర్చి, పచ్చిక బయళ్ళు, నల్ల ఇసుక తీరం, ఎర్ర ఇసుక తీరం, హామోవా అనే తీరం ఉన్నవి. ఊరి నడుమ 1910 నుండి నడుస్తున్న హసెగావా వారి దుకాణం ఉన్నది. తోట కాలంలో పుట్టిన దుకాణం అది. 1990లో కాలిపోతే పాత సినిమాహాలులో మళ్ళీ తెరిచారు. మేకులు, బియ్యం, గాలం, రొట్టె, టోపీ, అన్నీ ఒక్కచోటే. మన పల్లెల్లో చైనావారి 'లబుతిక్' ఎలా ఉండేదో తెలిసినవారు లోపలికి అడుగు పెట్టగానే ఆ వాసన పోల్చుకుంటారు.

ఆ దుకాణం బయట బల్ల మీద మాకు ఒక ముసలమ్మ పరిచయమైనది. తండ్రి జపానువాడు, తల్లి హవాయి మనిషి. మేము ఎవరమని అడిగినది. చెరకు తోట కూలీల మనుమలము, హిందూ మహాసముద్రం నుండి వచ్చాము అన్నాము. ఆమె చేతిసంచిలోనుండి ఒక చిన్న లోహపు బిళ్ళ తీసి చూపినది. అక్కడ దానిని 'బాంగో' అంటారు. మనిషికి ఒక నంబరు. జీతం తీసుకునేటప్పుడు ఆ నంబరు, దుకాణంలో అప్పు వ్రాసేటప్పుడు ఆ నంబరు. తోట దొరకు పేరుతో పనిలేదు. "ఇది మా నాయనది. మీ తాత నంబరు ఎంత?" అని అడిగినది. మేము మా ముత్తాత నంబరు చెప్పగలిగాము, ఎందుకంటే మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ రిజిస్టర్లు భద్రంగా ఉన్నవి, అక్కడినుండి కాగితం తెచ్చుకున్నాము. ఆమె తల ఊపి, ఆ బిళ్ళను మళ్ళీ సంచిలో పెట్టుకున్నది. తరువాత, "ఇల్లు కొనడానికి వచ్చారా?" అని అడిగినది. లేదని చెప్పిన తరువాతనే ఆమె ముఖంలో నవ్వు వచ్చినది. ఈ వ్యాసానికి మూలం ఆ ప్రశ్నే.

ఆ ఊరిలో ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో చెప్పాలంటే భూమి సంగతికి రావాలి. పూర్వం హవాయిలో నేల ఎవరి సొంతమూ కాదు. రాజు, నాయకులు, రైతులు కొండ నుండి సముద్రం దాకా ఒక చీలికగా అందరూ అనుభవించేవారు. 1848లో 'మాహెలె' అనే గొప్ప పంపకం జరిగినది. రాజుకు, నాయకులకు, ప్రభుత్వానికి భాగాలు వేశారు. 1850లో రైతులకు కూడా తాము సాగుచేసుకునే మడిని సొంతం చేసుకునే హక్కు ఇచ్చారు. ఆ మడిని 'కులేయానా' అంటారు. కానీ దరఖాస్తు, సర్వే, సాక్షులు, రుసుము అన్నీ కావాలి. చివరకు సుమారు ఎనిమిది వేల మందికి, అంతా కలిపి 30 వేల ఎకరాల లోపే దక్కినది. దేశం మొత్తంలో అది నూటికి ఒక వంతు కూడా కాదు. అదే 1850లో విదేశీయులు భూమి కొనవచ్చునని మరొక చట్టం వచ్చినది. ఆ తరువాత చెరకు కంపెనీలు ఎలా పెరిగినవో విప్పి చెప్పనక్కరలేదు. 1960 దశాబ్దంలో శాసనసభ లెక్కించి చూస్తే, నేలలో సగానికి కొంచెం తక్కువ ప్రభుత్వాలది, మిగిలినదాదాపు అంతా 72 మంది ప్రైవేటు భూస్వాములది.

మన సంగతి దీనికి ఎదురుగా పెట్టి చూడండి. మారిషస్‌లో పందొమ్మిదవ శతాబ్దం చివరలో చక్కెర ధర పడిపోయి దొరలు తోటల అంచులు ముక్కలు చేసి అమ్మినప్పుడు, మోర్సెల్మాన్ అని మనం అనే ఆ అమ్మకాలలో, మన పెద్దలు ఒక అర్పాన్, రెండు అర్పాన్లు కొని నిలదొక్కుకున్నారు. మా ముత్తాత దస్తావేజు మా ఇంట్లో ఉన్నది. సంతకం బదులు వేలిముద్ర. హవాయిలో నేల మూలవాసి చేతిలోనుండి తోటకు పోయినది, తోట కూలీకి రాలేదు. తోట మూతపడగానే హోటళ్ళకూ, దూరదేశపు కొనుగోలుదారులకూ పోయినది. అందువలన 'కులేయానా' అన్న మాట అక్కడ ఎంతో బరువైనది. ఆ భాషలో దానికి హక్కు అనీ అర్థమే, బాధ్యత అనీ అర్థమే.

ఇప్పుడు సోదరుని అసలు ప్రశ్నకు వస్తున్నాము. హవాయిలో ఇల్లు అమ్మకానికి ఉన్నదంటే మొదట అడగవలసిన మాట ఒక్కటే: నేల కూడా వస్తుందా? అక్కడ రెండు రకాలు. 'ఫీ సింపుల్' అంటే నేలా ఇల్లూ రెండూ మీవి. 'లీజ్‌హోల్డ్' అంటే ఇల్లు మీది, నేల వేరొకరిది. గడువు తీరేదాకా అద్దె కట్టాలి, అద్దె మధ్యలో పెరగవచ్చును, గడువు తీరిన నాడు చాలా ఒప్పందాలలో ఇల్లు కూడా నేల యజమానికే పోతుంది. మనకిది కొత్త కాదు. మన తీరంలో పా జెయొమెత్రిక్ అనే 81.21 మీటర్ల పట్టీ ప్రభుత్వానిది. దాని మీద కాంప్‌మాన్ కట్టుకున్నవారు లీజుదారులే గదా. ఫిజీలోని మన సోదరులకు ఇంకా బాగా తెలుసు: 1976 చట్టం క్రింద ఇచ్చిన చెరకు భూముల లీజులు 1997 నుండి ఒక్కొక్కటిగా తీరిపోతూ ఉంటే, ఎన్ని తెలుగు కుటుంబాలు తాత కట్టిన ఇంటిని విడిచి బస్తీలకు, ఆ తరువాత ఆస్ట్రేలియాకు, అమెరికాకు పోయినవి! అందువలన ధర చౌకగా కనబడిన ప్రతిచోటా ముందుగా లీజు ఎన్నేళ్ళు మిగిలినదో చూడండి.

హవాయి 1967లో ఒక భూసంస్కరణ చట్టం చేసినది. లీజు నేల మీద ఇల్లు కట్టుకున్నవారు కోరితే ప్రభుత్వం ఆ నేలను పెద్ద భూస్వామి నుండి పరిహారమిచ్చి తీసుకొని వారికి అమ్మవచ్చును. దాని మీద వ్యాజ్యం అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్ళి, 1984లో న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చట్టం చెల్లుతుందన్నారు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, మాకు ఆలోచనగానే ఉంటుంది. ఆ భూస్వామి ఒక చెరకు దొర కాదు. 1884లో మరణించిన రాకుమారి బెర్నీస్ పవాహి బిషప్ తన నేలనంతా హవాయి పిల్లల చదువుకోసం వ్రాసి ఇచ్చిన ధర్మనిధి. పేద అద్దెదారుకు నేల ఇప్పించిన చట్టమే, మూలవాసుల బిడ్డల బడికి చెందిన నేలను తగ్గించినది. భూమి విషయంలో ఎవరు దొర, ఎవరు కూలీ అని దూరాన కూర్చుని చెప్పడం అంత తేలిక కాదు.

హానా చుట్టూ నేల పెద్ద పెద్ద పశుశాలలది, ప్రభుత్వానిది, కుటుంబాలది. అమ్మకానికి వచ్చేవి చాలా కొద్ది. వచ్చినదానిలోనూ పాత కులేయానా ముక్కలు ఉండవచ్చును. 1850లో ఒక రైతు పేర ఉన్న అర ఎకరం, పంచుకోకుండానే మనుమలకూ మునిమనుమలకూ వచ్చి నేడు వందమంది పేర ఉంటుంది. వారిలో కొందరికి తమకు భాగమున్నదనే తెలియదు. అటువంటి నేల కొనేవారు 'క్వయట్ టైటిల్' అనే దావా వేస్తారు. అనగా నేల ఎవరిదో తేల్చమని కోర్టును కోరడం. పత్రికలో ప్రకటన వేస్తారు, గడువులోగా రాని వారసుని హక్కు పోతుంది. ఒకప్పుడు చెరకు కంపెనీలు, ఎన్నో ఏళ్ళుగా మేమే అనుభవిస్తున్నామని చెప్పి ఇటువంటి ముక్కలను తమ తోటలో కలుపుకొన్నవి. 1978లో రాజ్యాంగ సవరణ చేసి, ఆ విధంగా అనుభవం చూపి సంపాదించడం అయిదెకరాలకు మించకుండా కట్టడి చేశారు. 2016 డిసెంబరులో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ పక్షాన కవాయి ద్వీపంలో ఇటువంటి దావాలే వేశారు. తన 700 ఎకరాల మధ్య ఉన్న చిన్న చిన్న ముక్కల విషయమది. ఊరంతా నిరసించగా 2017 జనవరిలో ఉపసంహరించుకొని, పద్ధతి సరిగా తెలుసుకోలేదని చెప్పుకొన్నారు. అంత ధనవంతునికే తెలియనిది మనకు తెలియకపోవడంలో వింత లేదు. కానీ తెలిసిన తరువాత అడగకపోవడం తప్పు.

కాగితాల పద్ధతి కూడా మనది కాదు. మనకు నోతేర్ అంటే పెద్ద మనిషి. ఆయన దస్తావేజు వ్రాసి, పాత హక్కులు వెతికి, అంతా తానై చేస్తాడు. అమెరికాలో నోటరీ అంటే మీ ఎదుట సంతకం జరిగినదని ముద్ర వేసే మనిషి మాత్రమే. ఆయనను నమ్ముకొని కూర్చుంటే మునిగినట్లే. అక్కడ సొమ్మును మధ్యవర్తి కంపెనీ పట్టి ఉంచుతుంది, దానిని ఎస్క్రో అంటారు. హక్కును మరొక కంపెనీ వెతికి, తరువాత ఏదైనా తేడా వస్తే ఇంత ఇస్తామని భీమా వ్రాస్తుంది. ఆ భీమా కాగితం వెనుక 'వీటికి మా పూచీ లేదు' అని కొన్ని పంక్తులు ఉంటాయి; ముందు పుట కంటే వాటినే చదవాలి. హవాయిలో రిజిస్టర్లు కూడా రెండు: 1903 నుండి ఉన్న లాండ్ కోర్టులో నమోదైన నేలకు ప్రభుత్వమే హక్కుపత్రం ఇస్తుంది; మామూలు రిజిస్టరులో దస్తావేజు దాఖలు మాత్రమే ఉంటుంది, హక్కు ఎవరిదో మీరే తేల్చుకోవాలి. మీ ముక్క ఏ రిజిస్టరులో ఉన్నదో అడగండి.

హానా చుట్టుపక్కల చాలా నేల వ్యవసాయపు నేల. అటువంటి నేలలో కట్టే ఇల్లు సాగుకు అనుబంధమైన రైతు ఇల్లుగా ఉండాలని చట్టం. వంకాయలు, బెండకాయలు వేసుకునేవారికి సంతోషమే. వరండాలో కూర్చుని సముద్రం చూడడానికే కట్టుకునేవారు ఆలోచించుకోవాలి.

ఇక సముద్రం. హవాయిలో తీరం ఎవరి సొంతమూ కాదు. అలలు ఎంతవరకు ఎక్కి తడుపుతాయో ఆ గీత దాకా ప్రజలది. 2006లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు ఆ గీతను ఏడాదిలో అల అత్యధికంగా ఎక్కే చోటునుండి లెక్కించాలని చెప్పినది. మీ ఇంటి ముందు ఇసుకలో పక్క ఊరివాడు వల వేసుకుంటాడు, పిల్లలు ఆడతారు, మీరు కంచె వేయరాదు. మాకు ఇది మంచి చట్టమనే తోచినది. మన తీరాలలో హోటలు కాపలావాడు మన పిల్లలను పొమ్మన్న రోజులు మనము చూడలేదా?

కానీ ఆ గీత లోపలికి జరుగుతున్నది. గీతకు కనీసం 40 అడుగుల వెనుకగానే ఇల్లు కట్టాలని రాష్ట్ర చట్టం. జిల్లాలు ఇంకా ఎక్కువ కోరవచ్చును, కోరుతున్నవి కూడా. 2020లో చట్టాన్ని గట్టిచేసి, ఇసుక తీరాలలో సొంత ఆస్తి కాపాడుకోవడానికి గోడ కట్టడాన్ని దాదాపుగా ఆపివేశారు. గోడ కడితే ఇల్లు నిలుస్తుంది, ఇసుక పోతుంది. పక్కవాడి నేల మరింత త్వరగా కోసుకుపోతుంది. 2022 మే నుండి, సముద్రమట్టం పెరిగితే మునిగే ప్రాంతంలో నేల ఉంటే అమ్మేవారు ఆ మాట వ్రాసి ఇవ్వాలి. ఆ కాగితం తప్పక అడగండి. 1946 ఏప్రిల్ 1న వచ్చిన సునామీ ఆ ద్వీపాలలో 159 మందిని తీసుకుపోయినది. హానా వైపు తీరాన్ని కూడా కొట్టినది. పటంలో సునామీ గీత చూసుకొని దాని పైన ఉన్న ఇల్లు దొరికితే, దృశ్యం కొంచెం తక్కువైనా అదే మేలు.

తక్కువ ధర చూసి పక్క ద్వీపానికి, పూనా ప్రాంతానికి పోయేవారు కూడా ఉన్నారు. అక్కడ అగ్నిపర్వతం సజీవంగా ఉన్నది. కలపానా అనే అందమైన తీరపు పల్లె 1990లో లావా క్రింద పోయినది. 2018లో కపోహో తీరాన ఇళ్ళు, మడుగులు, ఆఖరికి ఆ సముద్రపు అఖాతమే పూడిపోయినది. ఆ ఏడు 700లకు పైగా ఇళ్ళు నాశనమైనవి. అక్కడి నేల చౌక ఎందుకో ఇంతకంటే చెప్పనక్కరలేదు.

భీమా సంగతి మాత్రం ఇల్లు కొనడానికి ముందే అడగాలి. 1992లో ఇనికి తుఫాను కవాయిని నేలమట్టం చేసిన తరువాత కంపెనీలు వెనక్కు పోతే ప్రభుత్వమే ఒక నిధి పెట్టవలసి వచ్చినది. 1960లో కరోల్ తుఫానును చూసిన మన పెద్దలకు తగరపు కప్పు ఎలా ఎగురుతుందో తెలుసు. 2023 ఆగస్టు 8న మావీలోనే లహైనా పట్టణం కాలిపోయినది. 102 మంది మరణించారు, రెండు వేలకు పైగా కట్టడాలు బూడిదైనవి. అదీ పాత చెరకు పట్టణమే. చెరకు విడిచిన బీడుల్లో పెరిగిన పొడి గడ్డి మంటకు ఆజ్యమైనది. హానా వైపు వాన ఎక్కువ కాబట్టి ఆ భయం తక్కువ. కానీ భీమా కంపెనీ ద్వీపమంతటినీ ఒకే కళ్ళతో చూస్తుంది.

జీవనం గురించి రెండు మాటలు. పట్టణమైన కహులుయి నుండి హానాకు సుమారు 84 కిలోమీటర్లు. 620 మలుపులు, 59 వంతెనలు, అందులో చాలావాటి మీద ఒక్క బండికే చోటు. రెండున్నర గంటలు, వాన కురిసి కొండ విరిగితే రోజంతా. ఊరిలో చిన్న వైద్యశాల ఉన్నది; పెద్ద ఆసుపత్రి వైలుకులో. గుండెజబ్బు ఉన్నవారు ఈ ఒక్క పంక్తి మళ్ళీ చదువుకోవాలి. చాలా ఇళ్ళకు కొళాయి ఉండదు, కప్పు మీద పడిన వాన నీటినే తొట్టెలో పట్టుకొని వాడాలి. మరుగునీరు చాలాచోట్ల గుంటలోకే పోతుంది. రాష్ట్రంలో అటువంటి గుంటలు 80 వేలకు పైగా ఉన్నవి, 2050 లోగా అన్నీ మార్చాలని 2017లో చట్టం చేశారు. ఆ ఖర్చు కొన్నవాని నెత్తిన పడుతుంది.

ఇంట్లో లేనప్పుడు యాత్రికులకు అద్దెకిచ్చి అప్పు తీర్చుకుందామని చాలామంది లెక్క వేస్తారు. ఆ లెక్క ఇక నిలవదు. 2024లో ఒక రాష్ట్ర చట్టం అటువంటి కొద్దిరోజుల అద్దెలను తీసివేసే అధికారం జిల్లాలకు స్పష్టంగా ఇచ్చినది. అదే ఏడు మావీ మేయరు వేల కొలదీ అద్దె గదులను నివాసగృహాలుగా మార్చాలని ప్రతిపాదించారు. ఇల్లు కాలిన ఊరివారు గుడారాలలో, బంధువుల ఇళ్ళలో ఉంటే, సెలవుకు వచ్చేవారికి గదులు ఖాళీగా ఉండడం ఎవరు సహిస్తారు? మావీలో యజమాని తానే ఉంటే ఇంటి పన్ను తక్కువ, ఉండకపోతే చాలా ఎక్కువ.

తమ్ముని సంగతి అన్నిటికంటే ముఖ్యము. అమెరికా పౌరుడూ స్థిరనివాసీ కానివాడు హవాయిలో ఇల్లు కొనవచ్చును, అడ్డు లేదు. కానీ కొన్నందువలన అక్కడ ఉండే హక్కు రాదు, వీసా వీసాయే. అమ్మేటప్పుడు కొనేవాడు అమ్మకపు ధరలో సాధారణంగా నూటికి 15 కేంద్ర ప్రభుత్వానికి పట్టి కట్టాలి. హవాయి వారు, తమ రాష్ట్రంలో ఉండనివారి నుండి మరొక 7.25 పడతారు. ఇవి లాభంలో కాదు, మొత్తం ధరలో. తరువాత లెక్క చూపి తిరిగి తీసుకోవాలి. దీనికంటే పెద్దది చావు పన్ను. అమెరికా పౌరునికి ఎన్నో లక్షల డాలర్ల ఆస్తి దాకా ఆ పన్ను లేదు. పౌరుడూ నివాసీ కానివాడు చనిపోతే అక్కడున్న అతని ఆస్తిలో 60 వేల డాలర్లకే మినహాయింపు, పై దానిమీద నూటికి 40 దాకా పోవచ్చును. మావీలో మామూలు ఇంటి ధర పది లక్షల డాలర్లు దాటి కొన్నేళ్ళయినది. అన్నదమ్ములు ప్రేమతో కలిసి కొన్నది, ఒకరు పోయిన నాడు పన్ను కోసం అమ్ముకోవలసి రాకూడదు గదా. తమ్ముడు సొమ్ము కలిపేముందు పన్నుల లాయరుకు రుసుము కట్టడం దుబారా కాదు.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. పునాది త్రవ్వితే ఎముకలు కనబడవచ్చును. హవాయి మూలవాసులు తమ వారిని ఇసుక దిబ్బలలో పూడ్చుకునేవారు. మావీలోనే హోనోకహువా వద్ద 1980 దశాబ్దం చివరలో ఒక హోటలు కోసం త్రవ్వుతూ వెయ్యికి పైగా అస్థిపంజరాలు బయటకు తీశారు. జనం ఎదురుతిరిగితే హోటలును పైకి జరిపి, ఎముకలను మళ్ళీ అక్కడే పూడ్చారు. ఆ తరువాత 1990లో అటువంటి సమాధులను కాపాడే చట్టం వచ్చినది. ఎముక కనబడితే పని ఆపాలి, పోలీసుకూ పరిరక్షణ కార్యాలయానికీ చెప్పాలి. మన తోటల పక్కన పేరు లేని మట్టిదిబ్బలలో ఎవరున్నారో మనకు తెలుసు. వాటి మీద నుండి రోడ్డు వేసినప్పుడు మన అవ్వలు ఏమన్నారో కూడా గుర్తుంది.

మనమూ ఇప్పుడు రెండు వైపులా ఉన్నాము. మన దేశంలో 1975 చట్టం విదేశీయులు ఆస్తి కొనడాన్ని కట్టడి చేసినది. 2002 నుండి ఒక్కొక్క పథకం పేరున తీరపు విల్లాలు వారికి అమ్ముడవుతున్నవి. వాటి గోడల పక్కన నడిచేటప్పుడు మనకు కలిగే బాధే ఆ ముసలమ్మకు మమ్ములను చూసి కలిగినది. కొనవద్దని మేము చెప్పము. ఉండదలచినవాడు ఎక్కడైనా ఉండవచ్చును. అయితే ఏడాదికి పదిహేను రోజులు ఉండి మిగతా రోజులు తాళం వేసే ఇల్లు అంత చిన్న ఊరికి భారమే. ఏడాదంతా ఉండి, హసెగావా దుకాణంలో బియ్యం కొని, పొరుగువాని చేపకు బదులు అరటిగెల ఇచ్చే మనిషి వేరు.

ఈ మాటలలో సగం ఆ సోదరునికి ముందే వ్రాసి పంపాము. మొదట ఆరునెలలు మామూలు అద్దెకు ఉండండి, అదీ నవంబరు నుండి, వాన కాలంలో, అని సలహా ఇచ్చాము. మొన్న రెండవ ఉత్తరం వచ్చినది. దంపతులు ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారట. రోడ్డు రెండుసార్లు మూసుకున్నదట. ఆమె పెరట్లో గోంగూర వేసినదట, బాగా వచ్చినదట. వారు చూసిన నేల మీద హక్కులు వెతికిస్తే, నడుమ పావు ఎకరం ఒక పాత కులేయానా అని, వారసుల పేర్లు పదకొండు ఉన్నవని, అందులో నలుగురి జాడ లేదని తేలినదట. దావా వేస్తే చాలునని దళారి చెప్పాడట. "పదకొండులో ఒకామె మీరు దుకాణం దగ్గర చూసిన ముసలమ్మే అనుకుంటాను. ఆదివారం చర్చి అయిన తరువాత వారి ఇంటికి రమ్మన్నది. ఆమెతో మాట్లాడేదాకా నేను సంతకం చేయను. తమ్మునికి కూడా డబ్బు ఇప్పుడే పంపవద్దని వ్రాశాను" అని ముగించారు.